మెట్ల కింద ఆరిన వెలుగు

దేవుడి సమాధిలోంచి వచ్చిన వెలుగు ఒక పసిపిల్లని ఎందుకు కాల్చింది?

ఈ అనుమానం చాలా ఏళ్ళుగా నాలో ఉంది. గుడిలోకి వెళ్ళేటప్పుడు టోపీతో పాటు దాన్నీ గుమ్మం బయటే తీసేసేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు రెండూ మళ్ళీ నెత్తికెక్కేవి. మా పూజారి పాపా-యోర్దానిస్‌ని ఒకసారి అడిగాను కూడా. ఆయన గడ్డం నిమురుకుని, "ప్రొద్రొమోస్, నిప్పుని నిప్పుగా చూడు, వెలుగుని వెలుగుగా చూడు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలాడించి, ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని వచ్చేశాను.

పోయిన వారం ఈ పత్రికలో నేను రాసిన కథ మా వంటింట్లో ఆగింది. ఈస్టర్ వెళ్ళిన మంగళవారం మధ్యాహ్నం, నేనూ మా ఆవిడ ఎవ్లాంబియా పండక్కి రంగేయగా మిగిలిపోయిన ఎర్ర గుడ్లు ఒలుచుకుంటూ ఉండగా క్రిసాంథి గుమ్మంలో నిలబడింది. జ్ఞానస్నానం నాడు నేను చేతుల్లో ఎత్తుకున్న పిల్ల. కాలిన పిల్ల. కాలిన ఆ ఈస్టర్ తర్వాత వాళ్ళ నానమ్మ దోమ్నా ఇక్కడి ఇల్లమ్మేసి పిల్లని తీసుకుని సలోనికా వెళ్ళిపోయింది. మళ్ళీ ఇద్దరూ మా ఊరు పలియోమురియా వైపు రాలేదు. దోమ్నా అక్కడే పోయింది. క్రిసాంథి నర్సు చదివి, కాలినవాళ్ళకి మాత్రమే వైద్యం చేసే ఆసుపత్రిలో పెద్ద నర్సయింది. దాన్ని నడిపే కంపెనీ అలాంటిదే ఇంకొకటి తెరవడానికి చోటు వెతుకుతోంది. ఆమె మా పట్టుగూళ్ళ ఇల్లు అడగడానికి వచ్చింది.

ఆ ఇల్లు ఎవ్లాంబియా వాళ్ళ నాన్న కట్టించాడు. క్రిసాంథి బతకదని కబురొచ్చిన రోజు ఎవ్లాంబియా దాన్ని దేవుడి తల్లికి మొక్కుకుంది. పిల్ల బతికితే అక్కడ చిన్న గుడి కట్టిస్తానంది. పిల్ల బతికింది గాని, ఇల్లు అన్నదమ్ముల వాటాల్లోంచి బయటపడి ఆవిడ చేతికి రావడానికి ఈ ఏడాది దాకా పట్టింది. బుధవారం పాపా-యోర్దానిస్ ఇల్లు గుడికి రాసిచ్చే కాగితాలు తెస్తానన్నాడు. మంగళవారం, ఏ పిల్ల కోసం మొక్కుకుందో ఆ పిల్లే వచ్చి ఆ ఇల్లే అడిగింది. ఎవ్లాంబియా ఒలిచిన గుడ్డు పళ్ళెంలో పెట్టి, "చూస్తే చూడు. చూసి వెళ్ళిపో" అంది.

అలా ముగ్గురం పెరట్లోకి నడిచాం.

పట్టుగూళ్ళ ఇల్లు నదికి ముఖం పెట్టి ఉంటుంది. కింద రాతి గోడలు, పైన పొడవాటి చెక్క హాళ్ళు, గోడ నిండా కిటికీలు. పురుగుల పెంపకం మానేసి చాలా కాలమైనా లోపల అడుగుపెడితే ఎండిన మల్బరీ ఆకు వాసన ఇప్పటికీ వస్తుంది. ఆ వేళ పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. నది ఒడ్డు చెట్ల నుంచి రేగిన తెల్లటి దూది పగిలిన అద్దాల్లోంచి లోపలికి తేలి వచ్చి, నేలమీద దిగడానికి ఏ తొందరా లేనట్టు తిరుగుతోంది. ఆ దూది మధ్య నిలబడితే పురుగులు ఎక్కడికీ పోలేదనిపిస్తుంది నాకు. నిద్రలో ఉన్నాయి, ఇంకాసేపట్లో లేస్తాయి, ఆకు నమిలే చప్పుడు సన్నటి వానలా మొదలవుతుంది.

క్రిసాంథి మెట్ల కింద చీకట్లోకి చూస్తూ కాసేపు ఆగింది. తర్వాత పైకెక్కింది, వెనకే మేమూ.

ఆమె ఎడమ చెవి సగమే ఉంది. మెడ మీది చర్మం పిండి ఆరేసిన పట్టుగుడ్డలా ముడతలు పడి మెరుస్తోంది. రుమాలు కట్టుకోలేదు. ఎవ్లాంబియా అటు చూడకుండా కిటికీ గొళ్ళేలు పరీక్షిస్తున్నట్టు నటించింది.

"చూడు పిన్నీ, ఫరవాలేదు" అంది క్రిసాంథి. "బస్సులో పిల్లలైతే వేలు పెట్టి మరీ అడుగుతారు."

"చూడ్డానికి నాకేం భయం? నిన్ను చూస్తే దోమ్నా కనిపిస్తోంది. ఆ ముక్కు అచ్చంగా ఆవిడదే. ఫ్తూ ఫ్తూ, దిష్టి తగలకుండా."

"అదొక్కటే కాలకుండా మిగిలింది లే. పెద్దదాన్ని చూసి నిప్పు కూడా జడిసింది."

నాకు నవ్వొచ్చింది. ఎవ్లాంబియా నాకేసి చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

"అసలీ ఇల్లే ఎందుకు కావాలే నీకు? అంత పెద్ద సలోనికాలో మేడలు లేవా?"

"పురుగుల కోసం మీ నాన్న ఈ ఇల్లు ఎలా కట్టించాడో చెప్పు ముందు."

"ఎలా ఏముంది? చలి తగలకూడదు. ఎండ తిన్నగా పడకూడదు. వెల్లుల్లి తిన్నవాణ్ణి మెట్లెక్కనిచ్చేవాడు కాదు. చేతులు కడుక్కోకపోతే మా అమ్మని కూడా బయటే నిలబెట్టేవాడు."

"కాలినవాళ్ళకీ అవే కావాలి పిన్నీ. వెచ్చగా ఉండాలి, గాలి శుభ్రంగా ఉండాలి, బయటి చెయ్యి తగలకూడదు. ఒంటిమీద చర్మం లేని మనిషి ఆ పురుగు లాంటివాడు. చుట్టూ గూడు తయారయ్యేదాకా ఎవరో ఒకరు పక్కన కాచుకుని ఉండాలి." ఆమె హాలు ఆ చివరినుంచి ఈ చివరికి మెల్లగా చూసింది. "మా కంపెనీవాళ్ళు లెక్కలు కట్టారు. ఈ నది పొడవునా ఇలాంటి మంచాలకి గిరాకీ ఉందట. ఏటా పెరుగుతుందట."

గిరాకీ అనే మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పట్టుగూళ్ళకి గిరాకీ ఉన్న కాలంలో పుట్టినవాణ్ణి. దూరదేశాల బేరగాళ్ళు మా అరుగుల మీద కూర్చుని కాఫీ తాగుతూ గూళ్ళని చెవి దగ్గర ఆడించి చూసుకునేవాళ్ళు. అదే మాట కాలిన మనుషుల గురించి వింటే ఒళ్ళు ఒకలా అయింది.

ఎవ్లాంబియాకి ఒళ్ళు మండింది. "ఏం మాటే అది? జనం కాలితే మీకు బేరమా? అడవి అంటుకుంటే మీవాళ్ళు దీపాలు పెట్టుకుంటారా?"

"కాలేవాళ్ళు పెరుగుతున్నారు, నిజమే. వేసవి వస్తే కొండలు అంటుకుంటున్నాయి. వంటింట్లో గ్యాసు పేలుతోంది. కాని గిరాకీ ఒక్క దానివల్ల రాలేదు పిన్నీ. పూర్వం సగం ఒళ్ళు కాలితే డాక్టరు కంటే ముందు పాపా-యోర్దానిస్‌ని పిలిచేవాళ్ళు. ఇప్పుడు అలాంటివాళ్ళు బతుకుతున్నారు. పోయినవాళ్ళకి మంచం అక్కర్లేదు. బతికినవాళ్ళకి నెలల తరబడి కావాలి. నానమ్మ నాకోసం ఆసుపత్రి వసారాలో బెంచీ మీద పడుకునేది, గుర్తుందా? దగ్గర్లో ఇలాంటిది ఉంటే ఆవిడ ఈ ఊరు వదిలేదా?"

"మీవాళ్ళు లాభం చేసుకుంటారా, లేదా? అది చెప్పు."

"చేసుకుంటారు. దాచడం ఎందుకు? సగం మంచాలు ప్రభుత్వ బీమావాళ్ళకి ఇవ్వాలని పోట్లాడాను, సరేనన్నారు. కాని శుక్రవారంలోపు ఇక్కడ చోటు దొరక్కపోతే వాళ్ళు సముద్రం వైపు వెళ్ళిపోతారు, విమానాశ్రయం పక్కకి. అప్పుడు నా మాట వినేవాడు ఉండడు."

ఎవ్లాంబియా కిటికీ దగ్గర నుంచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్యా దూది తిరుగుతోంది.

"విను క్రిసాంథీ. ఈ ఇల్లు నాది కాదు. నువ్వు పోతావని కబురొచ్చిన రోజే దేవుడి తల్లికి ఇచ్చేశాను. నీ ప్రాణానికి బదులిచ్చాను. ఆవిడ తన మాట నిలబెట్టుకుంది. చూడు, నువ్వు నా ముందు నిలబడి నాతోనే వాదులాడుతున్నావు. నేను నా మాట తప్పనా? పైగా నువ్వు కాలింది ఎవరికోసం? నాకోసం వెలుగు మోసుకొస్తూ కాలావు. ఇక్కడ గుడి లేకపోతే నేనెక్కడికెళ్ళి ఏడవను?"

ఇది కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. ఆ ఈస్టర్‌కి ఎవ్లాంబియా బాలింత. మా లాజరోస్ ఉయ్యాల్లో ఉన్నాడు. నలభై రోజులు నిండనిదే బాలింత గుడి మెట్లెక్కకూడదు. అందుకని పునరుత్థానపు వెలుగు, అంటే క్రీస్తు సమాధిలోంచి వచ్చిందని ఈస్టర్ అర్ధరాత్రి అందరి కొవ్వొత్తులకీ పంచే మంట, గుడినుంచి తెచ్చిపెట్టమని క్రిసాంథికి చెప్పింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఎవ్లాంబియా ఇంట్లో పటం ముందు దీపంలో నూనె పోసుకుని కూర్చుంది. వెలుగు రాలేదు. అరుపులు వచ్చాయి. పిల్ల ఈ ఇంటి మెట్ల దగ్గర దొరికింది. ఎవరో పెరుగు పూశారు, ఎవరో గుడ్డు తెల్లసొన పూశారు. ఆ తర్వాత ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. పవిత్రమైన వెలుగు ఊరికే కాలుస్తుందా, ఆ దోమ్నా ఇంట్లో ఏ పాపం ఉందో అన్నారు. దోమ్నా ఊరు వదలడానికి ఆసుపత్రి ఒక కారణం. ఈ మాట రెండోది.

ఎవ్లాంబియా ఆ దీపాన్ని మళ్ళీ వెలిగించలేదు. ప్రతి ఈస్టర్‌కీ ఇరుగుపొరుగు తమ కొవ్వొత్తి తెచ్చి ఇవ్వబోతే, "నా వెలుగు క్రిసాంథి దగ్గరుంది" అని పంపేసేది. దీపాన్ని మాత్రం శనివారం శనివారం తోమి పెట్టేది.

క్రిసాంథి మెట్ల వైపు నడిచింది. తర్వాత, "కిందికి రండి" అంది.

మెట్ల కింద చల్లగా ఉంది. పూర్వం పురుగుల గది వెచ్చగా ఉంచడానికి వాడిన ఇనప కుంపటి తుప్పు పట్టి ఇంకా అక్కడే ఉంది. క్రిసాంథి దాని పక్కన కూర్చుంది, చిన్నపిల్లలా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని.

"ఇక్కడే ఆరిపోయింది పిన్నీ."

"ఏమిటి ఆరిపోయింది?"

"వెలుగు. నేను కాలకముందే ఆరిపోయింది."

ఎవ్లాంబియా ఆమె మొహంలోకి వంగి చూసింది.

"గుడినుంచి ఇక్కడిదాకా చెయ్యి అడ్డంపెట్టుకుని జాగ్రత్తగానే వచ్చాను. నది మీదనుంచి ఒక్క గాలి. అంతే. ఆరిన కొవ్వొత్తితో ఇంటికొస్తే ఆ ఇంటికి ఏడాదంతా మంచిది కాదనేవాళ్ళు కదా. నువ్వేమో దీపంలో నూనె పోసుకుని కూర్చున్నావు. లాజరోస్ ఉయ్యాల్లో ఉన్నాడు. వాడికేమైనా అయితే నావల్లే అనుకున్నాను. ఈ కుంపటి మీద అగ్గిపెట్టె ఉంది. పుల్ల గీశాను. వత్తి మైనంలో మునిగిపోయి అంటుకోలేదు. పక్కన కిరసనాయిలు డబ్బా కనిపించింది. కొవ్వొత్తి దాంట్లో ముంచాను. జాకెట్టు మీద కూడా పడింది, చీకట్లో చూసుకోలేదు. మళ్ళీ పుల్ల గీశాను."

బయట కొంగ ఒకటి పొగగొట్టం మీది గూట్లో ముక్కు టకటకలాడించింది.

"దేవుడి వెలుగు నన్ను కాల్చలేదు పిన్నీ. అగ్గిపుల్ల కాల్చింది."

"మరి ఇన్నేళ్ళూ..." అన్నాను నేను.

"ఎలా చెప్పను బాబాయ్? కాలినందుకు అందరూ జాలిపడుతున్నారు. దొంగ వెలుగు తేబోయానంటే నానమ్మే నన్ను ముట్టుకోదనుకున్నాను. పెద్దయ్యాక చెబుదామనుకునేసరికి ఆవిడ లేదు. ఊరి మాటలన్నీ నెత్తినేసుకుని వెళ్ళిపోయింది."

ఎవ్లాంబియా చివరి మెట్టు మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ పక్కింటి పిల్లని కసిరినట్టు, "ఆరిపోతే మళ్ళీ గుడికెళ్ళి వెలిగించుకోవచ్చు కదే, మొద్దు మొహమా!" అంది.

"ఆ మాట ఎవరూ చెప్పలేదు పిన్నీ. జాగ్రత్త, ఆరిపోనివ్వకు అని మాత్రమే చెప్పారు."

మా ఆవిడ ముందుకి జరిగింది. చెయ్యి చాపి ఆ పిల్ల మెడమీది చర్మాన్ని ముట్టుకుంది. ముట్టుకుని, అలాగే ఉంచింది.

నా అనుమానం తీరిందా అని మీరడుగుతారు. ఒక అనుమానం పోయి, దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. వెలుగు కాల్చలేదు, సరే. మరి అంత చిన్న చేతుల్లో దాన్ని ఆరిపోనిచ్చింది ఎవరు? గాలి ఎవరి మాట వింటుంది? కాని ఇది మెత్తటి అనుమానం. దీన్ని టోపీతో పాటు బయట వదలకుండా గుడిలోకే తీసుకెళ్ళవచ్చనిపించింది.

ఎవ్లాంబియా రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "అయితే నా వెలుగు నువ్వింకా తేలేదన్నమాట."

"లేదు."

"తీసుకురా మరి. ఈ వారమంతా గుడిలో ఉంటుంది. ఇల్లు సంగతి తర్వాత."

నేనూ క్రిసాంథీ గుడికి నడిచాం. ఈస్టర్ వారమంతా పీఠం ముందరి తలుపులు మూయరు. ఖాళీ గుడిలో ఆ తెరిచిన తలుపుల వెనక, పునరుత్థానం నాటినుంచి ఆరని దీపం ఎర్రటి గాజులో నిలకడగా ఉంది. క్రిసాంథి కొవ్వొత్తి ముట్టించడానికి వంగినప్పుడు ఆమె సగం చెవి మీద ఆ ఎరుపు పడింది.

రొట్టెల కొట్టు మలుపులో సుల్తానా గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంటి ప్రొద్రొమోస్, ఈస్టర్ వెళ్ళిపోయిందయ్యా! ఇప్పుడు లేచావా?"

"మా ఇంటి గడియారం ఆలస్యం."

"క్రీస్తు లేచాడు!" అని పండగ పలకరింపు చెప్పి నవ్వింది.

"నిజంగా లేచాడు!" అన్నాం ఇద్దరం.

మా పెరటి గేటు దగ్గరికి వచ్చేసరికి నది వైపునుంచి గాలి వచ్చింది. క్రిసాంథి చెయ్యి అడ్డం పెట్టేలోపే మంట పక్కకి వాలి, పొగ తీగ ఒకటి మిగిల్చి పోయింది. ఇల్లు పదడుగుల్లో ఉంది. తెరిచిన తలుపులోంచి ఎవ్లాంబియా నీడ కనిపిస్తోంది.

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. సిగరెట్ల కోసం పెట్టుకునే లైటరు అక్కడుంది. ఎవరూ చూడ్డం లేదు. మంట మంటే కదా. ఇంత దూరం వచ్చాం.

"బాబాయ్!" అంది క్రిసాంథి.

దొంగతనంగా బెల్లం తీస్తున్న పిల్లాడిలా చెయ్యి బయటికి తీశాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వాగలేదు. ఆరిపోయిన కొవ్వొత్తి పట్టుకుని గేటు ముందు పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. తర్వాత వెనక్కి తిరిగాం.

"మళ్ళీనా?" అంది సుల్తానా.

"ఆరిపోయిందమ్మా" అంది క్రిసాంథి గట్టిగా, వీధంతా వినేలా. "ఆరిపోతే మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చట!"

ఈసారి ఆమె నెమ్మదిగా నడిచింది. వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. కొందరు సిలువ గీసుకున్నారు, ఒక ముసలావిడ ఎందుకో దోమ్నా పేరు గొణుక్కుంది. గాల్లో తేలుతున్న దూది మంటని తాకిన చోటల్లా చిన్న మెరుపై మాయమవుతోంది. ఆమె దాన్ని చూస్తూ, ఎక్కడికో చాలా దూరం నుంచి వస్తున్నదానిలా నడిచింది. పక్కన నడుస్తుంటే, నాతో వస్తున్నది ఈ పెద్ద మనిషో, తొమ్మిదేళ్ళ పిల్లో మధ్యమధ్యలో నాకు తెలియలేదు.

మా గేటు ముందు పాపా-యోర్దానిస్ కారు ఆగి ఉంది. ఆయన ఒకరోజు ముందే వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి, చంకలో కాగితాల సంచితో, "బిషప్‌గారి దగ్గర అన్నీ సిద్ధమయ్యాయి ఎవ్లాంబియా, రేపటిదాకా ఎందుకని తెచ్చేశాను. సంతకం ఒక్కటే తరువాయి" అంటున్నాడు. క్రిసాంథిని చూశాడు. చేతిలో మంటని చూశాడు.

"కాగితాలు బల్లమీద పెట్టండి అయ్యగారూ" అంది ఎవ్లాంబియా. "ముందు ఈ పిల్ల మీకో మాట చెబుతుంది. ఆదివారం గుడిలో అందరికీ మీరు చెప్పాల్సిన మాట. అది విన్నాక దేవుడి తల్లికి ఇచ్చిన ఇంట్లో కాలినవాళ్ళు పడుకుంటే ఆవిడకి కోపమొస్తుందో రాదో మీరే చెప్పండి. దాన్నిబట్టి నా సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకుంటాను."

పాపా-యోర్దానిస్ కూర్చోలేదు. క్రిసాంథి మొహంలోకి చూస్తూ, "ఏ మాట?" అన్నాడు.

"ఒక్క నిమిషం అయ్యగారూ" అంది ఆమె. "ముందిది ఇచ్చేస్తాను."

పటం ముందు తోమిన ఇత్తడి దీపం, దాంట్లో కొత్త నూనె, కొత్త వత్తి. మేం రెండోసారి వెళ్ళినప్పుడు ఎవ్లాంబియా వేసి ఉంచింది. క్రిసాంథి కాళ్ళ మునివేళ్ళ మీద లేవాల్సిన అవసరం లేదు, ఇప్పుడు అందుతుంది. కొవ్వొత్తిని వంచి పట్టుకుంది. వత్తి ముందు ఒప్పుకోలేదు, చిటపటలాడింది, తర్వాత అంటుకుంది.

"ఇదిగో పిన్నీ, నీ వెలుగు" అంది.

"ఆలస్యంగా తెచ్చావే" అంది ఎవ్లాంబియా, ఆ పిల్ల చేతిలోంచి కొవ్వొత్తి అందుకుంటూ.